అమెరికా సభకు నేను పొడిగించిన రెండేళ్ళు

ముప్పై ఒక్క ఏళ్ళపాటు నేను అమెరికాలో ఎన్నికలు జరిపించాను. ఆ దేశానికి ఒక్కసారి కూడా పోలేదు. పోలింగు బి.ఏ. ఆఖరి సంవత్సరం గదిలో, మూడో పీరియడులో జరిగేది. వానొస్తే వాయిదా వేసేవాణ్ణి, ఎందుకంటే ఆ గది కప్పు సరిగ్గా నా బల్ల మీదే కారేది.

నేను రాజనీతి శాస్త్రం లెక్చరర్ని. నెల్లూరు జిల్లాలో, సముద్రపు గాలికి కిటికీ చువ్వలు తుప్పు పట్టిపోయే ఒక ఊళ్ళో డిగ్రీ కాలేజీ మాది. పేరు చెప్పను. చెప్తే పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు ఇంటికొస్తారు.

పోయిన వారం, నా కుర్చీలో కొత్తగా చేరిన అధ్యాపకుడు ఇంటికొచ్చాడు. మంచివాడు, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. కాఫీ తాగి, గొంతు సవరించుకుని, "సార్, మీ అమెరికా నోట్సు ఒకసారి ఇస్తారా?" అన్నాడు. నేను కూడా చేరిన రోజున ఇదే అడిగాను. అందుకే అతనికి నోట్సు ఇచ్చే ముందు ఇది రాస్తున్నాను. ఇంక్రిమెంట్లు, సీనియారిటీ లిస్టులు, రిఫ్రెషర్ కోర్సుల్లో పెట్టిన భోజనాలు ఇందులో ఉండవు. ఒక పాఠం, ఒక వాక్యం, ఒక అమ్మాయి. నా ఉద్యోగం మొత్తం తిప్పి తిప్పి చూసుకుంటే మిగిలింది ఆ మూడే.

పచ్చ అట్ట నోట్సు

మా శాఖాధిపతిని అందరూ పెద్దసారు అనేవాళ్ళు. నేను చేరిన రోజు ఆయన బీరువా తీసి, పచ్చ అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టాడు. ఇంట్లో దేవుడి పటం ఇచ్చేటప్పుడు కూడా ఎవరూ అంత జాగ్రత్తగా ఇవ్వరు.

"మా సారు నాకిచ్చినాడు. నేను నీకిస్తుండా. ఇందులో ఉండేది ఉండేట్టు చెప్పు. కామా గూడా మార్చబాకయ్యా" అన్నాడు.

అందులో ఏడో పాఠం, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో అధ్యక్షుడి ఎన్నికతో పాటే జరిగిన శాసనసభల ఎన్నికలు. నిజం చెప్పాలంటే చాలా రుచికరమైన పాఠం. ఒకే రోజు, ఒకే ఓటు చీటీ. చీటీ తువ్వాలంత పొడుగు. పైన అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల పేర్లు, దాని కింద దేశపు దిగువ సభ సభ్యుడు, ఆ కింద రాష్ట్ర శాసనసభ వాళ్ళు, ఇంకా కిందికి పోతే భూములు కొలిచే సర్వేయరు దాకా. చాలా రాష్ట్రాల్లో ఇంత తంటా లేకుండా, పార్టీ గుర్తు కింద ఒక్క గీత గీస్తే పైనుంచి కిందిదాకా ఓట్లన్నీ ఆ పార్టీకే పడేవి. అధ్యక్షుడి పేరు చెప్పుకుని సర్వేయరు కూడా గెలిచేవాడు. ఒక ఏడాది పెద్ద పార్టీ ఒకటి రెండుగా చీలింది. అన్నదమ్ములు గట్టు తగాదాలో ఉంటే పక్క పొలంవాడు వచ్చి పంట కోసుకున్నట్టు, అవతలి పార్టీవాడు గెలిచి కూర్చున్నాడు.

ఇంత మంచి పాఠం చివర ఒక వాక్యం ఉండేది: "అధ్యక్షునితో పాటు ఎన్నికైన దిగువ సభ సభ్యులు, అధ్యక్షునితో పాటే నాలుగేళ్ళు పదవిలో ఉంటారు."

ఇది తప్పు. దిగువ సభకి అప్పుడూ రెండేళ్ళే, ఇప్పుడూ రెండేళ్ళే. అధ్యక్షుడి నాలుగేళ్ళలో సగానికి వచ్చేసరికి ఇంకో ఎన్నిక వస్తుంది. ఆ శతాబ్దపు మొదట్లోనే ఒక అధ్యక్షుడు సభతో సహా గెలిచి, రెండేళ్ళు తిరక్కముందే సభ పోగొట్టుకున్నాడు. మా పచ్చ నోట్సు ప్రకారం మాత్రం పోగొట్టుకోలేదు. పాపం ఆయనకా సంగతి తెలియదు. ఎప్పుడో ఎవరో పెద్దమనిషి, ఒకే పడవ ఎక్కినవాళ్ళు ఒకే రేవులో దిగుతారని అనుకుని ఉంటాడు.

నాకు మూడో ఏడే తెలిసింది. లైబ్రరీలో దుమ్ము పట్టిన పుస్తకం చదువుతుంటే కంట పడింది. పరుగున పోయి పెద్దసారుకి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు కూడా.

"జిల్లాలో అన్ని కాలేజీల్లో ఇదే నోట్సు. పేపరు దిద్దేవాళ్ళకి ఇదే నోట్సు. నువ్వొక్కడివే రెండేళ్ళని చెప్తే మన పిల్లకాయలకి మార్కులు పోతాయి. అమెరికాకి ఏం పోతుంది?" అన్నాడు.

జవాబు నాకు బాగా నచ్చింది. అందులో పిల్లల మీద ప్రేమ కనిపించింది, పైగా నాకు పని తగ్గింది. ఆ తరవాత ఏటా ఏడో పాఠానికి రాగానే, గొంతు కొంచెం పెంచి, "నాలుగేళ్ళు పదవిలో ఉంటారు, ఫుల్‌స్టాప్" అని రాయించాను. తప్పు చెప్పేటప్పుడు గొంతు ఎందుకు పెరుగుతుందో మీకూ కొన్నాళ్ళకి తెలుస్తుంది.

మస్తానమ్మ

జువ్వలదిన్నెకి దక్షిణంగా, సముద్రానికి ఆనుకుని ఒక పాలెం ఉంది. అందరూ చేపల వేటకి పోయే కుటుంబాలే. అక్కణ్ణుంచి కాలేజీకి వచ్చిన మొదటి ఆడపిల్ల మస్తానమ్మ. రెండు బస్సులు మారి వచ్చేది. మొదటి బెంచీలో కూర్చునేది, అదీ మధ్యలో. అలా కూర్చునే పిల్లలంటే లెక్చరర్లకి పైకి ఇష్టం, లోపల గుబులు.

ఆ ఏడు మన రాష్ట్రంలో శాసనసభకీ పార్లమెంటుకీ కలిపి ఎన్నికలు వచ్చాయి. నేను ఏడో పాఠం చెప్తూ, అమెరికావాళ్ళు ఒక్క గీతతో అన్ని ఓట్లూ వేసేవాళ్ళని వర్ణిస్తున్నాను. మస్తానమ్మ లేచింది.

"అదేముంది సార్, మా పాలెంలో గూడా అంతే. పెద్దకాపు దురాయి వేస్తాడు. పెద్ద ఓటు, చిన్న ఓటు, రెండూ ఫలానా గుర్తుకే అంటాడు. ఇంక అందురూ దానికే."

పెద్దకాపు అంటే పాలెం పెద్ద, అది కులం పేరు కాదు. దురాయి అంటే పాలెం మొత్తానికీ ఆయన వేసే కట్టుబాటు. ఫలానా రోజు వేటకి పోకూడదంటే ఒక్క పడవ కదలదు. పెద్ద ఓటంటే పార్లమెంటుది, చిన్న ఓటంటే అసెంబ్లీది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు.

"అందురూ ఒకేసారి ఎక్కేసినాక, మధ్యలో నచ్చకపోతే ఎట్టా సార్? నాలుగేళ్ళూ గమ్మున ఉండాల్సిందేనా? లైబ్రరీ బుక్కులో రెండేళ్ళని ఉండాది."

ఆ పుస్తకం ఎత్తి చూపించింది. నేను చూసిన పుస్తకమే, దుమ్ము దులిపి అట్ట కూడా వేసుకుంది.

"పుస్తకం లోపల పెట్టుకుని నోట్సు రాసుకోమ్మా. పరీక్ష దగ్గర పడింది" అన్నాను.

పరీక్షలకి వారం ముందు స్టాఫ్ రూముకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. తనని కాలేజీకి పంపడానికి పాలెంలో పెద్ద పంచాయితీ జరిగిందట. చివరికి పెద్దకాపు ఒక మాట అన్నాడట: "ఊరికే పాసయ్యేదానికి రెండు బస్సులు మారాల్నా? ఫస్టు క్లాసు తీసుకోని రా. వస్తే మిగతా ఆడబిడ్డలు గూడా పోతారు. రాకుంటే ఇదే ఆఖరు." ఇంటరు అయిపోయి ముగ్గురు అమ్మాయిలు ఈమె రిజల్టు కోసం ఎదురుచూస్తున్నారు. అందులో కామాక్షి అనే పిల్ల అయితే అప్పుడే కాలేజీ సంచీ కూడా కొనుక్కుందట.

"నీకెందుకమ్మా భయం, వచ్చేస్తుంది" అన్నాను. నిజంగానే నమ్మాను. ఆమె ఫస్టు క్లాసుకి అడ్డం ఎవరు నిలబడతారో నాకప్పుడు తెలియదు.

దిద్దిన చేయి

పేపర్లు దిద్దడం నెల్లూరులో. చీఫ్ ఎగ్జామినరు మా పెద్దసారే. మా కాలేజీ పేపర్లు మాకు రాకూడదని రూలు, కానీ ఆ ఏడు దిద్దేవాళ్ళు చాలక కట్టలన్నీ కలగాపులగం అయ్యాయి. పేపరు మీద పేరు ఉండదు, నంబరు కూడా చించేస్తారు. అయినా నాకు తెలిసింది.

ఇరవై మార్కుల ప్రశ్నకి జవాబు ఇలా ఉంది: "అధ్యక్షుడు పడవ నడిపే సరంగు వంటివాడు. అతనికి నాలుగేళ్ళు. పడవలో మనుషులకు మాత్రం రెండేళ్ళే. సగం దూరం పోయినాక మనుషులను మార్చవచ్చును కాబట్టి సరంగు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతాడు. అందరినీ ఒకేసారి ఎక్కించి నాలుగేళ్ళూ దించకపోతే సరంగు ఎవరి మాటా వినడు."

దాని కింద, రెండేళ్ళకే సభ పోగొట్టుకున్న అధ్యక్షుడి సంగతి కూడా రాసింది. నా సర్వీసులో ఏడో పాఠానికి అంతకన్నా మంచి జవాబు చూడలేదు. పెన్సిలుతో పదహారు వేశాను.

పెద్దసారు రౌండ్లు తిరుగుతూ వచ్చి, నా భుజం మీదుగా వంగి చదివాడు.

"ఏందయ్యా ఇది? ఈ సరంగెవుడు? అమెరికాలో సరంగులుంటారా?"

"ఉపమానం సార్."

"జవాబుల కీలో ఉందా ఉపమానం? కీలో ఏముంది, నాలుగేళ్ళు. ఇక్కడేముంది, రెండేళ్ళు. జవాబంతా దాని మీదే కట్టింది. ఆరు వేసి పక్కన పెట్టు. మధ్యాహ్నానికి ఇంకో రెండు కట్టలు పూర్తి కావాల."

పుస్తకంలో రెండేళ్ళే ఉందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకి తెలుసని నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసు. చుట్టూ పాతికమంది తలలు వంచుకుని దిద్దుతున్నారు. నేను రబ్బరు తీసి పదహారు చెరిపేశాను. ఎర్ర సిరాతో ఆరు వేశాను. ఎవరూ నా చేయి పట్టుకుని వేయించలేదు.

మస్తానమ్మకి ఫస్టు క్లాసు నాలుగు మార్కుల్లో తప్పింది. పాలెం ఆడపిల్లలెవరూ ఇక కాలేజీకి పోకూడదని పెద్దకాపు దురాయి వేశాడు. మస్తానమ్మ రీకౌంటింగు పెట్టుకుంది. కూడిక సరిగ్గానే ఉందని యూనివర్సిటీ వాళ్ళు కార్డు రాశారు. నిజమే, కూడికలో మేమెప్పుడూ తప్పులు చేయం. కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "యాడ తప్పినానో తెలియడంలేదు సార్" అంది.

"ఇంకొంచెం కష్టపడాల్సిందమ్మా" అన్నాను.

ఈ వృత్తిలో తప్పులు చేస్తారు, అందరూ చేస్తారు. పేపర్లు దిద్దేటప్పుడు నిద్రపోయినవాళ్ళున్నారు, పిల్లల్ని కాక బెంచీలు లెక్కపెట్టి అటెండెన్సు వేసినవాళ్ళున్నారు. వాటికి నవ్వుకోవచ్చు. ఆ రోజు నేనన్న మాటకి మాత్రం ఇన్నేళ్ళయినా నాకు నవ్వు రాలేదు.

తుఫాను షెల్టరులో పోలింగు

అయిదేళ్ళు గడిచాయి. మళ్ళీ రెండు ఎన్నికలు కలిసి వచ్చాయి. నాకు ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీ పడింది. ఆర్డరు విప్పి చూస్తే పోలింగ్ బూత్ ఆ పాలెంలోనే, తుఫాను షెల్టరులో. డ్యూటీ తప్పించుకోవడానికి మావాళ్ళకి ఆ వారం రకరకాల జబ్బులు వస్తాయి. నేనూ ఒక నడుం నొప్పి సిద్ధం చేసుకున్నాను గానీ, నా కంటే ముందే పదకొండు మంది అదే నొప్పి వాడేశారట.

పొద్దున తొమ్మిదికల్లా మస్తానమ్మ లైనులో వచ్చింది. రొయ్యల హ్యాచరీలో పనిచేస్తోందనీ, సాయంత్రాలు పాలెం పిల్లలకి పాఠాలు చెప్తోందనీ తరవాత తెలిసింది. వేలికి సిరా పెట్టించుకుంటూ నా వైపు చూసింది.

"బాగుండారా సార్? రెండేళ్ళా, నాలుగేళ్ళా?"

పోలింగు ఏజెంట్లు ఉలిక్కిపడ్డారు. ఇదేదో పార్టీ సంకేతం అనుకున్నారు. మా హ్యాండ్‌బుక్‌లో ప్రిసైడింగ్ ఆఫీసరు మాట్లాడకూడని విషయాలు బోలెడున్నాయి. అమెరికా దిగువ సభ మాత్రం వాటిలో లేదు.

"రెండేళ్ళేనమ్మా" అన్నాను.

తల ఊపి లోపలికి పోయింది. పెద్ద ఓటుకి ఒకసారి, చిన్న ఓటుకి ఒకసారి మిషన్లు కూశాయి. తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం పోలింగు ముగిసి, మిషన్లకి సీళ్ళు వేసి, కానిస్టేబుల్ని కాపలా పెట్టి బస్సు కోసం షెల్టరు మెట్ల మీద కూర్చున్నాను. ఎండ ఇంకా తగ్గలేదు. పెద్దకాపు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, భుజం మీద తువ్వాలు. వెనకాల మస్తానమ్మ, ఆ వెనక పాలెంలో సగం మంది.

"సారూ, మస్తానమ్మ రాసింది రైటని పొద్దున మీరే అన్నారంటనే?"

"అవును, రైటే."

"మరి మార్కులేసినోడికి తెలవదా?"

"వేసింది నేనే" అన్నాను.

మస్తానమ్మ ముఖం చూశాను. ఆ సంగతి ఆమెకి అంతవరకు తెలియదు. కోపం వస్తుందనుకున్నాను. నోరు కొంచెం తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. నాకు కోపమే నయమనిపించింది.

పెద్దకాపు నిదానంగా అడిగాడు: "అప్పుడు తెలవదా, తెలిసే వేసినావా?"

బస్సు హారన్ ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. వినిపించలేదు.

"తెలిసే వేశాను."

ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాడు, అది చిన్నదైనా పెద్దదైనా, ఊరి ముందు నిలబడి ఫలానా తప్పు చేశానని మూడుసార్లు చెప్పాలి. వల కోసినవాడికీ అదే, అన్నని కొట్టినవాడికీ అదే. సార్లకి మినహాయింపు లేదట. లేచి నిలబడ్డాను. "మస్తానమ్మ సరిగ్గా రాసింది. నాకు తెలుసు. తెలిసీ మార్కులు కోశాను." మొదటిసారి గబగబా చెప్పేశాను. రెండోసారి ఒక్కో మాటా విడివిడిగా చెప్పాను. మూడోసారి చెప్పేటప్పుడు చూపు ఎక్కడ పెట్టాలో తెలియక ఆడవాళ్ళ వైపు పెట్టాను. అక్కడ చంకలో బిడ్డతో ఒక అమ్మాయి ఉంది.

"నేను కామాక్షిని సార్. సంచీ కొనుక్కున్నదాన్ని" అంది. "దురాయి ఎత్తేస్తారు, మంచిదే. మరి నా సంగతేంది?"

బిడ్డని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని నన్నే చూసింది.

పెద్దకాపు తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. "ఆ బిడ్డకి ఫస్టు క్లాసు వచ్చినట్టే లెక్క. రేపటినించి ఆడబిడ్డలు బస్సెక్కొచ్చు. నేను గూడా తొందరపడినా, ఆ తప్పు నాది" అన్నాడు. నా వైపు తిరిగాడు. "అయిదేళ్ళకు చెప్పినావు సారూ. ఓటేసి గెలిపించినోణ్ణి గూడా మేం అయిదేళ్ళకి మించి భరించం. ఆ నోట్సేదో ఉందంటనే, తెచ్చి సముద్రంలో వేసెయ్. అదే నీకు దండుగ."

ఇప్పుడు ఆ నోట్సు

మరుసటి ఆదివారం పచ్చ నోట్సు సంచీలో పెట్టుకుని పోయాను. పాలెం ఒడ్డున మస్తానమ్మ ఉంది. నేను పుస్తకం విసరబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

"వద్దు సార్. వలలో పడతాది. ఎవురో ఒకరు ఆరబెట్టి మళ్ళీ రాసుకుంటారు."

పుస్తకం తీసుకుని అక్కడే ఇసకలో కూర్చుంది. ఏడో పాఠం వెతికి, చివరి వాక్యం దగ్గర పెన్ను పెట్టి, "నాలుగేళ్ళు" కొట్టేసి పైన "రెండేళ్ళు" అని రాసింది. ఇంకా పెన్ను తీయకుండా, పక్కన ఖాళీలో సరంగు సంగతి మొత్తం రాసింది. అదే జవాబు, ఒక్క మాట మారలేదు. అయిదేళ్ళుగా బట్టీ పట్టినట్టు ఉంది. పుస్తకం నాకిచ్చి, "ఇప్పుడు చెప్పండి సార్ పాఠం" అంది.

ఆ రోజే మొదటిసారి, ఆ ఇసకలోనే కూర్చుని, ఆ పాఠం గొంతు పెంచకుండా చెప్పాను. మరుసటి జూన్‌లో ఆ పాలెం నుంచి ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో చేరారు. వాళ్ళలో కామాక్షి లేదు. అప్పటికి రిటైరై ఇంట్లో ఉన్న పెద్దసారుకి కబురు పెడితే, "మార్చబాకంటి కదయ్యా" అని మాత్రం అన్నాడట.

అయ్యా, కొత్త సారూ. నోట్సు ఈ కాగితాలతో పాటే పంపుతున్నాను. ఏడో పాఠంలో కొట్టివేత కనిపిస్తుంది. ఆ చేతిరాత నాది కాదు, మా పెద్దసారుదీ కాదు. ఫస్టు క్లాసు నాలుగు మార్కుల్లో తప్పిన మనిషిది. ఇందులో ఇంకెన్ని తప్పులున్నాయో నాకు తెలియదు, నేను వెతకలేదు. మీ క్లాసులో మొదటి బెంచీ మధ్యలో కూర్చున్న పిల్ల వెతుకుతుంది. లేచి నిలబడినప్పుడు కూర్చోమనకండి. మీ చేతిలో రబ్బరు ఉన్న రోజు ఒకటి తప్పకుండా వస్తుంది, ఆ రోజు ఒక కామాక్షి మిమ్మల్ని కూడా అడుగుతుంది, మరి నా సంగతేందని.